సింకులో నీళ్లు దిగడం లేదు: యాసిడ్ పోయకుండా తూము తెరుచుకునే చవకైన దారి చెప్పగలరా?

కూకట్‌పల్లి అద్దెదారు

అందరికీ నమస్కారం. మేము కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మూడు వారాలుగా మా వంటగది సింకులో నీళ్లు సరిగా దిగడం లేదు. విచిత్రమేమిటంటే, కుళాయి సన్నగా తిప్పుకొని గిన్నెలు కడిగినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. బియ్యం కడిగిన నీళ్లో, తపేలాడు నీళ్లో ఒక్కసారిగా పోస్తే మాత్రం సింకు సగం దాకా నిండిపోయి, పది నిమిషాలకు గాని ఖాళీ కాదు. వీడియోల్లో చూసి వంట సోడా వేసి, దాని మీద వెనిగర్ పోసి, నురగ పొంగగానే సంతోషపడి, ఆ తరువాత సలసల కాగిన నీళ్లు కూడా పోశాను. మొదటిసారి కొంత నయమనిపించింది. ఆ తరువాత రెండుసార్లు చేస్తే నురగను చూసిన ఆనందమే మిగిలింది.

మా వాచ్‌మన్ యాసిడ్ సీసా తెచ్చి పోసేస్తానని రోజూ అడుగుతున్నాడు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. పైగా పైపులు మావి కావు, పాడైతే ఇంటి యజమానికి సమాధానం చెప్పుకోవలసింది మేమే. యాసిడ్ జోలికి పోకుండా, పెద్దగా ఖర్చు లేకుండా ఈ పూడిక వదిలే మార్గం తెలిసినవారు చెప్పగలరు.

భీమవరం కోడలు

నేను పదేళ్లుగా వంట సోడా, వెనిగర్‌తోనే నెట్టుకొస్తున్నాను. రాత్రి వంటగది సర్దుకున్నాక అరకప్పు సోడా తూములో వేసి, పైన అంతే వెనిగర్ పోసి, తడిగుడ్డ కప్పేసి పడుకుంటాను. తెల్లవారి వేడినీళ్లు పోస్తే వాసన పోతుంది, నీళ్లూ దిగుతాయి. మీరు గుడ్డ కప్పి ఉండరు. గ్యాసు పైకి పోకుండా ఆపితేనే అది కిందికి తోస్తుంది.

రసాయనశాస్త్రం మాస్టారు

బడిలో ముప్పై ఏళ్లు ఇదే చర్యను పిల్లలకు చూపించినవాణ్ణి కాబట్టి, పై సోదరి నొచ్చుకోరన్న నమ్మకంతో రెండు మాటలు రాస్తున్నాను.

వంట సోడా బలహీనమైన క్షారం, వెనిగర్ బలహీనమైన ఆమ్లం. రెండూ కలిస్తే బొగ్గుపులుసు వాయువు బుసబుస పొంగుతుంది, చివరకు మిగిలేది సోడియం ఎసిటేట్ కరిగిన నీళ్లు. ఆ నీళ్లకు నూనెను కరిగించే గుణం గాని, వెంట్రుకలను తెంచే గుణం గాని లేవు. అంటే విడివిడిగా ఉన్నప్పుడు కాస్తో కూస్తో పనికొచ్చే రెండు వస్తువులను మనమే కలిపి, ఒకదానితో ఇంకొకదాన్ని చంపేస్తున్నాము. లెక్క చూసినా 84 గ్రాముల సోడా పూర్తిగా చర్య జరపాలంటే 60 గ్రాముల అసిటిక్ ఆమ్లం కావాలి. బజారులో దొరికే వెనిగర్‌లో ఆ ఆమ్లం నూటికి నాలుగైదు పాళ్లే ఉంటుంది కనుక, ఆ కాస్త సోడాకే లీటరుకు పైగా వెనిగర్ పట్టుతుంది. అరకప్పుకు అరకప్పు పోస్తే సోడాలో చాలా భాగం అలాగే అడుగున కూర్చుంటుంది. గుడ్డ కప్పినంత మాత్రాన పుట్టే ఒత్తిడి ఒక పిసరు మడ్డిని కదిలిస్తుందేమో గాని, గట్టిపడిన ముద్దను తోసేటంతటిది కాదు.

మీకు ఫలితం కనిపించడం అబద్ధమని నేను అనను. తెల్లవారి పోసిన వేడినీళ్లు పని చేసి ఉంటాయి, వాసన పోవడంలో సోడా పాత్ర కూడా ఉంటుంది. కాని రోజూ శుభ్రం చేసుకోవడం వేరు, మూసుకుపోయిన దాన్ని తెరవడం వేరు.

జిడ్డు మీద నిజంగా పని చేసేది వంట సోడా కాదు, కిరాణా కొట్లో బట్టల సోడా అని అమ్ముతారే, అది. దాని క్షారగుణం వంట సోడాకంటే ఎంతో ఎక్కువ. నూనెను పట్టుకొని కొంత మేరకు సబ్బుగా మార్చి నీటితో పాటు పోనిస్తుంది. రెండు చెంచాలు లీటరు వేడినీళ్లలో కరిగించి, ముందుగా సింకులో నిలిచిన చల్లనీళ్లు తోడేసి, అప్పుడు నెమ్మదిగా పోయాలి. చేతికి రబ్బరు తొడుగు వేసుకోవాలి, అల్యూమినియం గిన్నెలను దూరంగా ఉంచాలి, ఎందుకంటే అవి నల్లబడతాయి.

పైపుల మేస్త్రి

మాస్టారు చెప్పినది సరే. కాని ఏది పోయాలా అని ఆలోచించే ముందు, ఎక్కడ ఆగిందో చూడాలి. మా పనిలో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. సింకులో నీళ్లు ఆగినప్పుడు స్నానాల గది తూము కూడా మెల్లగా దిగుతోందా? వంటగదిలో నీళ్లు వదిలితే బాత్రూములో గుడగుడమని చప్పుడు వస్తోందా? వస్తే పూడిక కింద పెద్ద పైపులో ఉన్నట్టు, అది అసోసియేషన్ వారు చూసుకోవలసిన పని. రాకపోతే తప్పు మీ సింకుకూ గోడకూ మధ్యనే ఉంటుంది.

అమ్మా, మీరు రాసిన ఆనవాలు ఒకటి నాకు అర్థమైందనుకుంటున్నాను. సన్నగా పోస్తే దిగి, జోరుగా పోస్తే ఆగుతోందంటే అది జిడ్డు ఒక్కటే కాకపోవచ్చు. జిడ్డు పేరుకుంటే ధార మొత్తం మెల్లగా దిగుతుంది. లోపల ఏదో రేకులాంటిది అడ్డంగా పడి, నీటి జోరుకు మూతలాగా వాలిపోతోందేమో చూడండి.

సింకు కింద తలుపు తీస్తే సీసా ఆకారంలో ఒక ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దాన్ని బాటిల్ ట్రాప్ అంటాము. దాని కింద బక్కెట్టు పెట్టండి. అడుగు మూతను చేత్తోనే ఎడమవైపుకు తిప్పండి, పానా వాడకండి, వాడితే మరలు విరిగిపోతాయి. బిగుసుకుపోయి ఉంటే వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి రెండు నిమిషాలు ఆగండి. విప్పేముందు ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. లోపలి రబ్బరు వాషరు ఏ ముఖం పైకి ఉందో తిరిగి బిగించేటప్పుడు గుర్తుండదు. లోపలి మడ్డిని పాత టూత్ బ్రష్షుతో తీసి, బిగించాక సింకు నిండా నీళ్లు పట్టి ఒకేసారి వదలండి. అతుకుల కింద పాత దినపత్రిక పరిస్తే, చుక్క కారినా మచ్చ తెలుస్తుంది.

ఇంకొక మాట. సలసల కాగిన నీళ్లు ప్లాస్టిక్ పైపులో పోయవద్దు. ఈ పైపులు 60 డిగ్రీల దాకా తట్టుకుంటాయని లెక్క. అంతకు మించిన వేడి మాటిమాటికీ తగిలితే మెత్తబడి మధ్యలో కుంగుతాయి, అతుకుల దగ్గర వదులవుతాయి. రోజూ గంజి వార్చి అలాగే సింకులో ఒంపే ఇళ్లలో ఈ కుంగుడు చాలాసార్లు చూశాను.

రసాయనశాస్త్రం మాస్టారు

ఆ వేడికి థర్మామీటరు అక్కరలేదు. రెండు గ్లాసుల మరిగిన నీళ్లకు మూడు గ్లాసుల కుళాయి నీళ్లు కలిపితే సుమారు 58 డిగ్రీలు వస్తుంది. నెయ్యి, డాల్డా, పామాయిలు 40 డిగ్రీలకు అటూ ఇటూగానే కరిగిపోతాయి కాబట్టి మరగబెట్టి పోయవలసిన అవసరం ఎలాగూ లేదు.

అనంతపురం బోరునీళ్లు

వాచ్‌మన్ చేతిలోని యాసిడ్ సీసాను దయచేసి దూరంగా పెట్టించండి. నాలుగేళ్ల క్రితం మా ఇంట్లో ముందు రోజు నేను తూము తెరిచే పొడి వేశాను. అది పని చేయకపోతే, మరుసటి రోజు మా బావమరిది ఆ సంగతి తెలియక మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోశాడు. ఒక్క క్షణంలో లోపలినుంచి బుస్సుమని వేడి నీళ్లు ఎగజిమ్మాయి. అదృష్టం కొద్దీ కళ్లజోడు పెట్టుకొని ఉన్నాడు. చొక్కా చేతులకు చిల్లులు పడ్డాయి, ముంజేతి మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మళ్లీ నీళ్లు దిగాయా అంటే, దిగలేదు.

రసాయనశాస్త్రం మాస్టారు

ఆ పొడుల్లో ప్రధానంగా ఉండేది కాస్టిక్ సోడా. అది నీటిలో కలిసినప్పుడే మరిగేటంత వేడి పుట్టిస్తుంది, దాని మీద యాసిడ్ పడితే మీరు చెప్పినదే జరుగుతుంది. అంతకంటే ప్రమాదం బ్లీచింగ్ ద్రవాన్ని యాసిడ్‌తో కలపడం, ఎందుకంటే అప్పుడు క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఒకవేళ ఏదైనా పోసేసి ఉంటే, మేస్త్రి వచ్చి ట్రాప్ విప్పేముందే ఆ విషయం ఆయనకు చెప్పండి. నిలిచిన ద్రవం అతని చేతుల మీదే పడుతుంది.

పైపుల మేస్త్రి

ఈ ఒక్క మాట రాసినందుకు మాస్టారికి దండం. ఎవరూ చెప్పరు. "ఏమీ పోయలేదండీ" అంటారు, విప్పితే చేతులు మండుతాయి.

కూకట్‌పల్లి అద్దెదారు

ఈ ఉదయం పాపను బడికి పంపి, మేస్త్రి గారు చెప్పినట్టే చేశాను. ముందుగా ఒప్పుకోవలసినది ఏమిటంటే, ఆ సీసా లాంటి డబ్బా విప్పడానికి వస్తుందన్న సంగతే ఇన్నేళ్లుగా నాకు తెలియదు. వేడి గుడ్డ చుట్టాక మూత సులువుగానే తిరిగింది. బక్కెట్టులో పడిన దాన్ని వర్ణించకుండా ఉండలేను. అరచేతిలో పట్టేంత బూడిద రంగు ముద్ద, పైన జిడ్డుగా, లోపల మెత్తని సున్నంలా ఉంది. దోసెల పిండి, గంజి, కాఫీ పొడి పిప్పి కలిసి గట్టిపడినదని వాసనను బట్టి అనుకుంటున్నాను. దానికి నాలుగైదు ఆవగింజలు, చింతపండు ఈనెలు అంటుకొని ఉన్నాయి. ఆ ముద్ద కాదు అసలు దొంగ. సింకు నుంచి కిందికి దిగే గొట్టం చివర, పాల ప్యాకెట్లు కత్తిరించేటప్పుడు ఊడిపోయే మూలలున్నాయే, ఆ ముక్కోణపు ముక్కలు మూడు ఒకదానికొకటి అతుక్కొని కూర్చున్నాయి. సన్నని ధారకు అవి పక్కకు వంగి దారి ఇస్తూ, జోరుగా నీళ్లు పడగానే మూతలా వాలిపోతున్నాయన్నమాట. ప్లాస్టిక్ ముక్కలకు నేను మూడుసార్లు సోడా, వెనిగర్‌తో అభిషేకం చేశాను.

కడిగి బిగించాను, దినపత్రిక తడవలేదు. నీళ్లు ఇప్పుడు చాలా నయంగా దిగుతున్నాయి. కాని పూర్తిగా కాదు. సింకు నిండా పట్టి వదిలితే చివరి నాలుగు అంగుళాలు ఇంకా తీరిగ్గానే దిగుతున్నాయి.

పైపుల మేస్త్రి

ట్రాప్ నుంచి గోడలోకి వెళ్లే ముడతల పైపు ఎలా ఉందో చూడండి. మధ్యలో ఊయలలా కిందికి వేలాడుతోందా?

వరంగల్ ఇల్లాలు

ఆమె చూసి చెప్పేలోగా నాదొక ప్రశ్న. మాది స్నానాల గది మోరీ సమస్య. మా ఇంట్లో అమ్మాయిలు ముగ్గురు, అందరివీ పొడుగు జుట్లు, ఆదివారం నాడు కుంకుడుకాయ రసం. జాలీ పైన వెంట్రుకలు ఎంత తీసినా నెలకొకసారి నీళ్లు మడమల దాకా నిలుస్తాయి. బట్టల సోడా దీనికి పని చేస్తుందా?

పైపుల మేస్త్రి

వెంట్రుకకు బట్టల సోడా పని చేయదమ్మా, దాన్ని పట్టి లాగడమే మేలైన మార్గం. జాలీ ఎత్తితే కింద గిన్నెలాంటి నహానీ ట్రాప్ ఉంటుంది. చాలా వాటిలో లోపల బోర్లించిన కప్పు ఒకటి ఉంటుంది, దాన్ని ఎత్తి తీయాలి. వెంట్రుకలు, కుంకుడు పిప్పి, సున్నిపిండి కలిసి తాడులా పేనుకొని దాని చుట్టూనే చుట్టుకుంటాయి. బజారులో ముళ్లున్న ప్లాస్టిక్ పట్టీలు అమ్ముతారు. కొనక్కరలేదు. కొత్త ఫ్రిజ్జుకో, అట్టపెట్టెకో చుట్టి వచ్చే గట్టి ప్లాస్టిక్ పట్టీని మూరెడు తీసుకొని, రెండు అంచులా కత్తెరతో ఏటవాలుగా, ముళ్లు పైకి చూసేటట్టు గాట్లు పెట్టండి. లోపలికి నెట్టి, తిప్పి, మెల్లగా లాగండి. మొదటిసారి వచ్చేది చూసి భయపడకండి.

పని అయ్యాక ఆ కప్పును మరిచిపోకుండా తిరిగి పెట్టాలి. కప్పు, దాని చుట్టూ నిలిచే రెండంగుళాల నీళ్లే కింది మురుగువాసనను, బొద్దింకలను గదిలోకి రాకుండా ఆపేవి. నీళ్లు బాగా దిగుతున్నాయని దాన్ని తీసి పారేసిన ఇళ్లలోనే "కంపు ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు" అని మమ్మల్ని పిలుస్తారు.

అనంతపురం బోరునీళ్లు

మా ఊళ్లో వెంట్రుక కూడా అక్కరలేదు, సబ్బు చాలు. పైపు లోపల తెల్లగా పెచ్చులు కడుతుంది.

రసాయనశాస్త్రం మాస్టారు

అది మీ బోరునీటి మహిమ. కఠినజలంలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. దానితో పాటు సున్నపు పొర కూడా చేరుతుంది. ఆ సున్నం మీద ఆమ్లమే పని చేస్తుంది కాబట్టి మీకు మాత్రం సోడా కాదు, నిమ్మ ఉప్పు కావాలి. రెండు మూడు చెంచాలు వేడినీళ్లలో కరిగించి రాత్రి పోసి వదిలేయండి. ఇక్కడా అదే నియమం, సోడాతో కలిపితే రెండూ దండగ.

డల్లాస్ తెలుగు

ఇక్కడి ఇళ్లలో సింకు కింద వంపు గొట్టం ఉంటుంది, చాలా చోట్ల చెత్తను ముక్కలు చేసే మర కూడా ఉంటుంది. మర ఉంది కదా అని కొత్తగా వచ్చిన మనవాళ్లు అన్నం, మునక్కాయ పిప్పి, కరివేపాకు అన్నీ దాంట్లో తోసేస్తారు. మునక్కాయ పీచు ఆ మర చుట్టూ ఎలా చుట్టుకుంటుందో అనుభవించినవారికే తెలుసు. మాకు ప్లంబరు గడప తొక్కితేనే జేబుకు చిల్లు కనుక, నేను వాడేది కర్రకు రబ్బరు కప్పు బిగించిన ప్లంజరు ఒక్కటే. అందరూ చేసే తప్పు ఒకటుంది. పొడి సింకులో దాన్ని టపటపా కొడతారు. గాలి నలుగుతుంది గాని నీరు నలగదు. అందువల్ల రబ్బరు కప్పు మునిగేటంత నీళ్లు ఉంటేనే మీ చేతి బలం పూడిక దాకా పోతుంది. రెండు తొట్ల సింకైతే రెండో తూమును, వాష్ బేసిన్ అయితే పైనున్న పొంగు రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే బలమంతా అక్కడినుంచి పోతుంది. అంచుకు కాస్త వ్యాజలీను రాస్తే పట్టు బాగుంటుంది. నొక్కడం కంటే లాగడం మీద దృష్టి పెట్టండి.

పైపుల మేస్త్రి

నిజమే. మన దగ్గర అది నూరు, నూట యాభై రూపాయల్లో దొరుకుతుంది. కాస్టిక్ సోడా పోసిన తూము మీద మాత్రం వాడకూడదు, ముఖం మీద చిమ్ముతుంది.

కాకినాడ పాతిల్లు

అపార్ట్‌మెంట్ల వారికి ఇది వర్తించకపోవచ్చు గాని, సొంత ఇళ్లవారు పెరట్లోని గల్లీ ట్రాప్, అంటే ఇంటి నీళ్లు బయటికి వచ్చి పడే చిన్న గుంట, దాని మూత ఒకసారి ఎత్తి చూడాలి. మా వంటింటి నీళ్లు ఆగితే నేను నెల రోజులు లోపల తంటాలు పడ్డాను. బయట చూస్తే బాదం చెట్టు ఆకులు, కొబ్బరి పీచు కలిసి మూతి మూసేశాయి. పాత ఇంటికి పైపులు మార్చినప్పుడు వాటమూ చూసుకోవాలి. నాలుగంగుళాల పైపుకు 40 అడుగుల పొడవుకు ఒక అడుగు పల్లం ఉండాలని మా నాన్నగారి కాలం నాటి మేస్త్రులు కొలిచేవారు. మా కొత్త పైపుకు అందులో సగం కూడా లేదు, అందుకే మడ్డి కదలకుండా కూర్చుంటోంది.

సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు బ్లీచింగ్, కాస్టిక్ సోడా తరచుగా పోయకపోవడానికి ఇంకొక కారణం ఉంది. ట్యాంకులో మలినాన్ని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ట్యాంకు నిండితే యంత్రమున్న లారీనే పిలవాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం, ఆ విషవాయువులకు మనుషులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

కూకట్‌పల్లి అద్దెదారు

మేస్త్రి గారూ, మీరు అడిగినట్టు చూశాను. ముడతల పైపు నిజంగానే ఊయలలా వేలాడుతోంది. గోడ రంధ్రం ఎత్తుకంటే మధ్యభాగం జానెడు కిందికి ఉంది. నేను పోసిన కాగిన నీళ్ల పుణ్యమో, మొదటినుంచీ పొడవు ఎక్కువైందో చెప్పలేను.

పైపుల మేస్త్రి

రెండూ కావచ్చు. ఆ వంపులో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, ముడతల్లో జిడ్డు పట్టుకుంటుంది. చలికాలంలో నూనె, నెయ్యి అక్కడే పేరుకుంటాయి. పైపును విప్పి, వేడినీళ్లూ బట్టల సోడా పోసి గలగలా ఆడించి కడగండి. తరువాత మిగులు పొడవును కత్తితో కోసేసి, ట్రాప్ నుంచి గోడకు ఎక్కడా ఎత్తు పల్లాలు లేకుండా ఒకే వాటంగా బిగించండి. నున్నని తిన్నటి పైపు పట్టే చోటైతే అది వేయించడం ఇంకా మేలు, ఖర్చు పెద్దగా ఉండదు.

కూకట్‌పల్లి అద్దెదారు

మావారు సాయంత్రం వచ్చాక ఇద్దరం కలిసి అయిదంగుళాలు కోసి బిగించాము. ఇప్పుడు సింకు నిండా నీళ్లు పట్టి వదిలితే సుడి తిరుగుతూ, చివర గుటక వేసినట్టు చప్పుడు చేసి, అర నిమిషంలోపే ఖాళీ అవుతోంది. మొత్తం ఖర్చు బట్టల సోడా పొట్లం ఒక్కటే. పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా తెగ్గొట్టకుండా, ప్యాకెట్టుకే వేలాడేటట్టు కత్తిరించడం ఈ రోజునుంచి మొదలుపెట్టాను. వాచ్‌మన్‌ను పిలిచి ఆ మూడు ముక్కలు చూపించాను, యాసిడ్ సీసాను తానే పట్టుకొని వెళ్లిపోయాడు.

భీమవరం కోడలు

నేనూ నిన్న మా సింకు కింద విప్పి చూశాను. ముక్కలేమీ లేవు గాని పదేళ్ల మడ్డి ఉంది, ఇక దాని గురించి రాయను. మాస్టారూ, ఇంట్లో వెనిగర్ సీసాలు రెండు మిగిలిపోయాయి. వీటినేం చేయమంటారు?

రసాయనశాస్త్రం మాస్టారు

స్నానాల గది షవరు రంధ్రాలు తెల్లగా మూసుకుపోయి ఉంటే, ఒక ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, షవరు మూతి మునిగేటట్టు రబ్బరు బ్యాండుతో కట్టి, రాత్రంతా వదిలేయండమ్మా. ఉదయం పాత టూత్ బ్రష్షుతో రుద్దండి. సోడా మాత్రం కలపకండి.